కడిగిన రీళ్లు

మా తాత తీసిన ఒకే ఒక్క సినిమా డిస్కుగా ఎప్పుడొస్తుందని వాట్సాప్ గ్రూపులో అభిమానులు వాదించుకుంటున్నారు. దసరాకు ఖాయమని ఒకరు, ప్రింటు సీమలోనే ఎక్కడో ఉందని ఇంకొకరు.

ఆఖరి ప్రింటు హిందూపురంలోని మా థియేటర్లో ఉండేది. నాకు తొమ్మిదేళ్లప్పుడు ధర్మవరం నుంచి ఒక నేతగాడు వచ్చాడు. సినిమా అంటే ప్రాణం ఆయనకు.

"అయ్యా, వారం రోజులిస్తే వీడియో క్యాసెట్ చేయించి భద్రంగా తెచ్చిస్తాం. ఇది గూడా పోతే ఆ బొమ్మ ఇంక యాడా ఉండదు."

నాయన ఆయన్ను కూర్చోమని కూడా అనలేదు. "మా నాయన బొమ్మ మీ ఇంట్లో టీవీలో ఆడల్లనా? పోప్పా!"

నెల తిరక్కుండానే థియేటర్ అమ్ముడుపోయింది. రీళ్లు కొన్న పాతసామాన్లవాడు మా పెరట్లోనే వాటిని బట్టల సోడా కలిపిన వేడినీళ్లలో నానబెట్టాడు. బొమ్మ కరిగిపోతే మిగిలిన ప్లాస్టిక్కు గాజుల తయారీకి పోతుందట. నేను మాత్రం మురికి వదిలిస్తున్నాడనుకుని చెంబుతో నీళ్లందించాను. ఒక ముక్క ఎండకెత్తి చూపించాను.

"నాయనా, ఎంత తెల్లగా వచ్చిందో చూడు!"

నాయన చూసి లోపలికి వెళ్లిపోయాడు.

ఆ నేతగాడికి ఇచ్చి ఉంటే సినిమా బతికేది. అయినా నాయన ఆయన్ను గడప దగ్గర నిలబెట్టి పంపినందుకు ఆ రోజు నేను పడిన గర్వం, సిగ్గుపడాల్సిన ఈ వయసులోనూ, పూర్తిగా పోలేదు.