పసుపు పూసిన ఎముక

విశాఖపట్నం కొండల్లో రాక్షసబల్లి ఎముక దొరకదు. ఇక్కడి రాయి ఆ జంతువుల పుట్టుకకంటే ఎంతో పాతది, భూమి లోపల ఉడికి ఉడికి గట్టిపడింది. అందుకని డెబ్బైల్లో నేను పనిచేసిన కాలేజీలో, భూగర్భశాస్త్ర విభాగానికి ఉన్న ఆ ఒక్కగానొక్క ఎముకనీ గోదావరి ఎగువ అడవుల నుంచి గడ్డిలో చుట్టి లారీలో తెచ్చుకున్నారట. తొడ ఎముకలో ఒక ముక్క. ఇద్దరు పట్టుకుంటేగాని లేవదు. మ్యూజియం అని బోర్డు పెట్టిన ఇరుకు గదిలో, టేకు బల్ల మీద ఉండేది. దాని ముందు నిలబడి ఫోటో దిగని హెడ్డు లేడు, దాని మీద దుమ్ము తుడిచిన హెడ్డూ లేడు.

దుమ్ము తుడిచేది అటెండరు. గాజువాక దాటి లోపలెక్కడో ఊరు, వ్యవసాయం చేసుకునే ఇల్లు. పదకొండేళ్ళుగా రోజుకూలీ మీదే వస్తున్నాడు. ప్రతి ఏడూ ‘ఈసారి పర్మనెంటు’ అనేవాళ్ళు, ఆ ఏడు గడిచిపోయేది. చివరికి ఒక సంవత్సరం జాబితాలో అతని పేరు నిజంగానే టైపయింది. దసరా సెలవులయ్యాక హెడ్డుగారు సంతకం పెట్టి పైకి పంపడమే తరువాయి. ఆ జాబితాలో రెండో పేరు నాది, అప్పటికి నేను టెంపరరీ డిమాన్‌స్ట్రేటర్‌ని. అతను మా నాన్న ఈడువాడు. నేను ‘నువ్వు’ అనేదాన్ని, అతను ‘అమ్మా, మీరు’ అనేవాడు. అది తప్పని అప్పుడు ఎవరికీ తోచలేదు, నాకూ తోచలేదు.

గాలి ఇటు తిరిగిన రోజుల్లో పోర్టు నుంచి ఇనుపరాయి ఎర్రదుమ్ము వచ్చి కిటికీలోంచి పడేది. ఒక పాత షేవింగ్ బ్రష్షుతో అతను రోజూ ఆ ఎముకని దులిపేవాడు. అది ఎముకా, మామూలు రాయా అని తేల్చుకోవడానికి నాలుక ఆనించి చూడాలని, ఎముకయితే నాలుకని పట్టుకుంటుందని నేను పిల్లలకి చెబుతుంటే విని, వాళ్ళంతా వెళ్ళాక తనూ నాలుక ఆనించి చూశాడు. పట్టుకుంది. చిన్నపిల్లాడిలా నవ్వాడు. ఆనాటి నుంచి అది అతనికి కాలేజీ వస్తువు కాదు, ఇంట్లో ముసలివాళ్ళలాంటిది. పొద్దున్నే వచ్చి ముందు దాన్ని చూసేవాడు.

ఒకరోజు నన్ను పిలిచాడు. “అమ్మా, ఇటు రండొకసారి. ఈ పక్కన సెయ్యెట్టి సూడండి. కుక్క నమిలీసిన బొమికలాగున్నాది.”

చెయ్యి పెట్టి చూశాను. నాలుగు గాట్లు, పక్కపక్కన, ఒకే వాలులో ఉన్నాయి. అంతకుముందు కొన్ని వందలసార్లు చూసిన ఎముక, నాకు ఒక్కసారీ కనపడలేదు. ఏదో మాంసం తినే జంతువు పళ్ళ గాట్లు అవి. అంటే ఆ గదిలో ఉన్నది ఒక జంతువు ఎముక మాత్రమే కాదు, దాన్ని తిన్న ఇంకో జంతువు భోజనం కూడా. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. మర్నాడు కలకత్తాలో ఉన్న ఒక పెద్ద పండితుడికి ఉత్తరం రాశాను. అందులో ‘నేను గమనించిన గాట్లు’ అని రాశాను. అటెండరు పేరు ఉత్తరంలో రాస్తారా ఎవరైనా? దసరా తర్వాత స్వయంగా వచ్చి చూస్తానని జవాబు వచ్చింది. హెడ్డుగారు ఆ జవాబుని కాలేజీ అంతా తిప్పారు.

మా విభాగంలో ఆయుధపూజ ఘనంగా చేసేవాళ్ళు. రాళ్ళు కోసే మిషన్‌కి, జీపుకి పసుపు, కుంకుమ, బంతిపూల దండ. మైక్రోస్కోపులకి మాత్రం పెట్టె మీద చిన్న బొట్టు. అన్నీ అటెండరే పెట్టేవాడు. ఆ ఏడు పూజ అవుతుండగా నేను సరదాకి అన్నాను: “మన ఎముకకి ఏమీ పెట్టవా? రేపట్నుంచి మనిద్దరికీ అన్నం పెట్టేది అదే కదా.”

అన్నది నేనే. ఇప్పుడు ఎన్నిసార్లు చెప్పుకున్నా ఆ మాట వెనక్కి రాదు.

అతను దాన్ని సరదాగా తీసుకోలేదు. గడపకి చేసినట్టు చేశాడు. ఆముదం రాశాడు, పసుపు పూశాడు, వరసగా కుంకుమ బొట్లు పెట్టాడు. ఎముకకి దాహం ఎక్కువ, నూనె ఇట్టే పీల్చుకుంది. మధ్యాహ్నం హెడ్డుగారు ప్రసాదం తింటూ గదిలోకి వచ్చి చూశారు. పసుపు పచ్చగా పెళ్ళికూతురిలా ఉంది. ఆయన అరిచిన అరుపుకి వరండాలో వాళ్ళు కూడా లేచి నిలబడ్డారు.

“కలకత్తా నుంచి మనిషి వస్తున్నాడు! వాడికి ఏం చూపించమంటావురా, గ్రామదేవతనా?”

అటెండరు భయపడ్డాడుగాని కంగారుపడలేదు. “నూనే గద బాబూ. సెనగపిండెట్టి రుద్దితే లాగీసుకుంటాది. నాను బజారుకెల్లి అట్టుకొత్తాను, అరగంటలో వచ్చీత్తాను” అంటూ పరిగెత్తాడు.

హెడ్డుగారు నవ్వారు. “శనగపిండట! ఇది మ్యూజియమా, మంగలిషాపా?” నేనూ నవ్వాను. పై అధికారి నవ్వినప్పుడు నవ్వకపోతే ఎలా, జాబితాలో పేరుంది కదా.

భూగర్భశాస్త్రం వాళ్ళ బల్ల మీద యాసిడ్ సీసా ఎప్పుడూ ఉంటుంది. ఒక చుక్క వేసి పొంగుతుందో లేదో చూసి రాయిని గుర్తుపడతాం. హెడ్డుగారు ఆ సీసా చూపించారు. పత్తితో అద్ది తుడిచాను. పసుపు పోలేదు. సున్నం తగిలితే పసుపు ఎర్రబడుతుందని పారాణి కలిపే ప్రతి ఆడపిల్లకీ తెలుసు. యాసిడ్‌కి అది చెక్కుచెదరదని ఎమ్మెస్సీ ఫస్టుక్లాసులో పాసైన నాకు తోచలేదు. చదవేస్తే ఉన్న మతి పోయిందని మా అమ్మమ్మ అనేది.

“ఘాటుది తియ్యి” అన్నారు హెడ్డుగారు. అలమరా లోంచి తీశాను. గాట్లలో పసుపు ఎక్కువ దిగిందని సరిగ్గా అక్కడే పోశాను. తెల్లగా పొంగింది. బుసబుసమంటూ ఎంతసేపు పొంగిందో. ఆగాక తుడిస్తే పత్తితోపాటు బూడిదరంగు ముద్ద ఊడి వచ్చింది. కిందంతా గుల్లగుల్లగా, సముద్రపు ఒడ్డున అలలు తినేసిన బండలా తయారైంది. నాలుగు గాట్లలో ఒక్కటీ లేదు. కోట్ల సంవత్సరాలు మట్టి కింద చెరగనిదాన్ని నేను ఐదు నిమిషాల్లో చెరిపేశాను. అంచుల దగ్గర పసుపు మాత్రం అలాగే ఉంది. గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చుకోవడం అంటే ఏమిటో ఆ రోజు తెలిసింది.

సీసాలు అలమరాలో పెట్టేశాక అటెండరు వచ్చాడు. చెమటలు కారుతున్నాయి, చేతిలో కాగితం పొట్లం. ఎముక వైపు చూసి అక్కడే ఆగిపోయాడు.

“ఇదేటమ్మా... ఏటైపోనాదిది?”

నేను నోరు తెరిచేలోపు హెడ్డుగారు అందుకున్నారు. “నీ పసుపు తినేసిందిరా. పసుపులో ఉండే ఘాటు పాత ఎముకకి పడదు. చదువు లేనివాళ్ళ చేతిలో పెడితే ఇంతే. కావాలంటే మేడమ్‌ని అడుగు.”

అతను నా వైపు చూశాడు. పెద్ద చదువు చదివినదాన్ని, నాలుక ఆనించడం నేర్పినదాన్ని. నేను అవునన్నట్టు తల ఊపాను. నమ్మేశాడు. శనగపిండి పొట్లం బల్ల మీద పెట్టి, ఎముకకి రెండు చేతులూ జోడించి, బయటికి వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాడు.

సెలవులయ్యాక పండితుడు వచ్చాడు. భూతద్దంతో కాసేపు చూసి, కాఫీ తాగి, సాయంత్రం రైలుకి వెళ్ళిపోయాడు. జాబితాలో రెండు పేర్లలో ఒకటి కొట్టేసి పైకి పంపారు. కొట్టేసిన చోట హెడ్డుగారు ‘అజాగ్రత్త’ అని రాశారు. నాకు ఆర్డరు వచ్చిన రోజు అందరికీ స్వీట్లు పంచాను. అతను అప్పటికే పనికి రావడం మానేశాడు. ఒక్కసారైనా వెతుక్కుంటూ వెళ్ళి నిజం చెప్పి ఉండొచ్చు. గాజువాక ఏమీ కాశీ కాదు. బస్సులో గంట. వెళ్ళలేదు.

ఎనభైల్లో, హెడ్డుగారు రిటైరయిపోయాక, మా రాళ్ళు కోసే మిషన్‌లో ఇరుసు విరిగింది. ఆటోనగర్‌లో ఒక షెడ్డుకి ఇచ్చాం. మర్నాటి నుంచి సెలవులని ఆయుధపూజ నాడే తెచ్చుకోవడానికి వెళ్ళాను. షెడ్డు నిండా మిషన్లకి పసుపు, కుంకుమ, నిమ్మకాయలు. మూల ఉన్న, ఇనుము చెక్కే లేతు మిషన్‌కి మాత్రం పూలదండ ఒక్కటే ఉంది. దాని ముందు తల నెరిసిన మనిషి గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాడు. చూడగానే పోల్చుకున్నాను.

షెడ్డు యజమాని నవ్వుతూ చెప్పాడు. “మా మావ మంచి పనోడు మేడమ్. పసుపు మాత్రం ముట్టుకోడు, తన మిసన్‌కి ఎవుల్నీ రాయనివ్వడు. ఏటో పాడైపోద్దంటాడు.”

అతను దగ్గరికి వచ్చి నమస్కారం పెట్టాడు. నా ఒంట్లో బాగుందా, పిల్లలెంతమంది అని అడగలేదు. “ఆ బొమిక మరి బాగవలేదా అమ్మా?” అన్నాడు.

అప్పుడు చెప్పాను. నిలబడే చెప్పాను, కూర్చుంటే చెప్పలేనని. పసుపు ఏమీ చెయ్యలేదని, మేము యాసిడ్ పోశామని, పోసిన చెయ్యి నాదేనని, హెడ్డుగారు అబద్ధమాడితే నేను తల ఊపానని. ఏడుపు వచ్చింది. ఆపుకున్నాను. అతని ఎదుట ఏడ్చే హక్కు నాకు లేదు.

అతను లేతు మిషన్ వైపు తిరిగి పూలదండ సర్దాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

“అయితే పసుపు కాదన్నమాట” అన్నాడు. “కాదు” అన్నాను.

“నాను సెనగపిండి తెచ్చేను గదమ్మా ఆ రోజు. బల్ల మీదెట్టీసి ఎల్లిపోనాను. దాన్నేటి సేసేరు?”

అబద్ధం చెప్పడానికి అప్పుడూ వీలుంది. చెప్పలేదు.

“ఇంటికి పట్టుకెళ్ళాను. పండగ కదా, అమ్మ బజ్జీలు వేసింది.”