బిందెల వరుస

సుద్దముక్కను రెండుగా విరిచి, సగం విద్యార్థి వైపు చాచడం శేషన్న సారు అలవాటు. పిలిచిన విద్యార్థి లేచి వచ్చి ఆ సగం అందుకోవాలి. తన ఊళ్లో తాను చూసిన సంగతి బోర్డు మీద తానే గీయాలి. పాఠం అక్కడి నుంచి మొదలవుతుంది.

ఆయన కర్నూలులో ఒక కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతాడు. పుస్తకంలో ఉదాహరణలన్నీ విమానాశ్రయాలవి, పెద్ద హోటళ్లవి. పిల్లలు వాటిని బట్టీపట్టి, పరీక్ష రాసి, మరిచిపోయేవాళ్లు. వాటి బదులు మన పొలాలు, మన బస్సులు పెడదామని సిలబస్ కమిటీని ఏళ్ల తరబడి అడిగాడు. చివరికి ఒప్పుకున్నారు. ప్రతి అధ్యాపకుడూ కొందరు విద్యార్థుల మంచిచెడ్డలు చూసుకోవాలన్న నియమం కూడా ఆయన తెచ్చిందే.

ఆయన వంతుకు వచ్చినవాళ్లలో స్తుతి ఒకతె. పత్తికొండ అవతలి పల్లె. హాస్టల్లో ఉండేది. పెద్దగా మాట్లాడేది కాదు. ప్రోగ్రాంలో తప్పు ఎక్కడుందో మాత్రం అందరికన్నా ముందు ఆమెకే కనబడేది.

ఆ రోజు పాఠం క్యూ. ముందు వచ్చినదానికి ముందు పని జరగడం. శేషన్న కుళాయి దగ్గరి బిందెల వరుసను ఉదాహరణగా తీసుకున్నాడు. కోయిలకుంట్ల దగ్గరి పల్లెలో చిన్నప్పుడు ఆయనా ఆ వరుసలో నిలబడినవాడే. సుద్దముక్క విరిచి స్తుతి వైపు చాచాడు.

ఆమె లేచింది కానీ ముందుకు రాలేదు.

“మా ఊర్లో అట్ల ఉండదు సార్. పైవీధోళ్లు ఎప్పుడొచ్చినా ముందు వాళ్లే పట్టుకుంటారు. మా పేటోళ్ల బిందెలు పక్కన ఉంటాయి.”

“అది ప్రయారిటీ క్యూ సార్,” అన్నాడు మధ్య బెంచీలోంచి ఓబులేష్.

తరగతి నవ్వింది. శేషన్న కూడా నవ్వాడు. వచ్చిన క్రమం కాక హోదా చూసి పని జరిపే వరుసకు ఆ పేరే ఉంది. అది తరువాతి పాఠం. చెప్పకముందే పిల్లవాడు పట్టుకున్నాడని ఆయనకు సంతోషం.

“శానా బాగా చెప్పినావప్పా” అని, చాచిన సగంతో తానే బోర్డు మీద బిందెలు గీశాడు. అన్నిటికన్నా చివరి బిందె కింద స్తుతి అని రాశాడు.

సాయంత్రానికి ఆమె పేరు మారింది.

“ఏమ్మే లో ప్రయారిటీ, నీ ప్లేటు పక్కన పెట్టుకో,” అన్నారు క్యాంటీన్‌లో.

ఇవేవీ శేషన్నకు తెలియవు. ఆమె రోజుకో బెంచీ వెనక్కి జరుగుతోందని మాత్రం గమనించి, పిలిచి అడిగాడు. “ఏం లేదు సార్,” అంది. ముందు కూర్చుంటే పాఠం బాగా వినబడుతుందని సలహా ఇచ్చాడు. చర్చిలో కోత పండుగకని ఊరికి పోయిన స్తుతి మళ్లీ రాలేదు.

హాజరు తగ్గిపోయిందనీ, మర్నాడు కూడా రాకపోతే పరీక్ష రాయనిచ్చేది లేదనీ ఆఫీసువాళ్లు చెప్పారు. ఆయన బస్సెక్కి ఆ పల్లెకు వెళ్లాడు.

తల్లీ కూతుళ్లు టమోటా చేలో కాయలు కోస్తున్నారు. తల్లి విశ్వాసమ్మ చేతులు తుడుచుకుని, కొంచెం తటపటాయించి, “నీళ్లు తాగుతారా సార్?” అంది. ఆయన చెంబు అందుకుని తాగాడు.

“మాకూ మీకూ ఏ వరుసా లేదు. అయినా ఇంత దూరం వచ్చిండారు,” అంది ఆమె.

స్తుతి కాయలు కోస్తూనే జరిగిందంతా చెప్పింది.

“ఓబులేష్ మీద కోపం లేదు సార్. వాడు అందరినీ అట్లే అంటాడు. మీరు బోర్డు మీద రాసినారు.”

ఆయన చెంబు కింద పెట్టాడు.

“తప్పు నాదే తల్లీ. రేపు రా. రాకుంటే పరీక్ష పోతాది.”

“వచ్చి యాడ కూర్చోవాల సార్?”

వెటకారంగా అడగలేదు. నిజంగానే అడిగింది. విశ్వాసమ్మ ఇచ్చిన టమోటాల సంచీ ఒడిలో పెట్టుకుని చివరి బస్సులో కర్నూలు చేరాడు.

మరుసటి రోజు పొద్దున పత్తికొండ బస్సు వచ్చేదాకా కాలేజీ గేటు దగ్గర నిలబడ్డాడు. ఆమె దిగలేదు. తరగతికి వెళ్లి సుద్దముక్క తీశాడు. విరవలేదు. ముక్కంతా ఓబులేష్ చేతికిచ్చి, బిందెల వరుస మళ్లీ గీయమని అతణ్ని బోర్డు దగ్గర నిలబెట్టి, వెళ్లి చివరి బెంచీలో, స్తుతి కూర్చునే చోట కూర్చున్నాడు.