పేరు అక్కర్లేని కాగితం

మందుల కంపెనీలో మాత్రల అట్టలు పరీక్షించే పెద్దాయన దేన్నీ ఒక్క చూపుకే నమ్మడు. అట్టను దీపానికి ఎత్తిపట్టి, గోటితో అంచు గీకి చూశాకే పెట్టెలోకి వదులుతాడు. పొయ్యి ఆర్పానని భార్య చెప్పినా వంటింటి దాకా వెళ్లి చూసొస్తాడు. అలాంటి మనిషికి కంపెనీ ఒక కాగితం ఇచ్చింది: మనసుకేదైనా ఇబ్బందిగా ఉంటే రాయండి, పేరు అక్కర్లేదు. రహస్యపు నంబరు వేశారేమోనని దాన్నీ దీపానికి పట్టి చూశాడు. "పేరెందుకు, చేతిరాత చాలదూ పట్టుకోవడానికి!" అన్నాడు పక్క బల్ల కుర్రాడితో. "నీ రాత నీకే అర్థం కాదు బాబాయ్, ధైర్యంగా రాసెయ్," అని నవ్వాడతను. రెండు నెలలుగా ఆయనకు కంటిమీద కునుకు లేదు, అట్టల మీద చూపు ఆనడం లేదు. తెలిస్తే పనిలోంచి తీసేస్తారని భయం. అయినా ఉండబట్టలేక, వరస రాత్రి డ్యూటీలతో నిద్ర కరువైందని ఎడమచేత్తో రాసి, కాగితాల డబ్బాలో వేశాడు. అన్నింట్లోకీ ఆ వంకర రాతే కొట్టొచ్చినట్టు కనబడుతుందని ఇంటికెళ్లాక తట్టి, అన్నం సహించలేదు.

వారం తిరక్కుండానే, ఇకపై ఎవరికీ వరసగా రాత్రి డ్యూటీలు ఉండవని నోటీసు పెట్టారు. దాన్ని మూడుసార్లు చదివి, సూపర్‌వైజరమ్మ గదికి వెళ్లాడు.

"ఎవరు రాశారో పట్టుకున్నారా అమ్మా?"

"వెతకలేదండీ. ఇబ్బందేమిటో తెలిసింది, చాలు కదా."

వెతక్కుండా ఎలా ఉంటారు? ఆమె ముఖంలోకి చాలాసేపు చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు.

"నిద్ర పట్టనిది నాకేనమ్మా," అన్నాడు చివరికి, తలుపు మూసి ఉందో లేదో మరోసారి చూసుకుని.