సుగుణక్క పాత బండ్ల యాత్ర

మొన్న ఎల్బీనగర్ చౌరస్తాలో ఆటోలో కూర్చుని సిగ్నల్ కోసం చూస్తుంటే పక్కనే ఒక పాత కారు వచ్చి ఆగింది. బానెట్ మీద బంతిపూల దండలు, వెనక సీట్లో పెళ్ళికి ముందు ఫొటోలు తీయించుకోవడానికి వెళ్తున్న జంట. ఎవరి దగ్గరో అద్దెకు తెచ్చినట్టున్నారు. ఇంజన్ ఆగిపోకుండా చూసుకోవడానికి డ్రైవరు నానా తంటాలు పడుతున్నాడు. ఎండకు కాగిన రెక్సిన్ సీటు వాసన, దాంతో కలిసిన పెట్రోలు వాసన గుప్పుమని నా ముక్కుకు తగిలాయి. ఆ వాసన చాలామందికి పడదు. నాకు మాత్రం సుగుణక్క గుర్తొస్తుంది. ఆటో కదిలింది కానీ నా మనసు ఇంటికి చేరేదాకా ఆ కారు దగ్గరే ఉండిపోయింది.

సుగుణక్క నల్గొండ పక్కన ఒక పల్లె నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో ఇల్లు కట్టుకున్న మనిషి. ప్రభుత్వ బడిలో ఆటల టీచరు. భర్త యాదగిరి బావగారికి హయత్‌నగర్‌లో లారీల ట్రాన్స్‌పోర్టు ఆఫీసు. పగలంతా లారీలతో వేగి, సాయంత్రం ఇంటికొచ్చి తన పాత అంబాసిడర్‌ను తుడుచుకుంటూ కూర్చోవడమే ఆయనకు విశ్రాంతి. అలాంటి పిచ్చి ఉన్నవాళ్ళు చుట్టుపక్కల కాలనీల్లో మరికొందరు దొరికారు. ఏటా చలికాలంలో అందరూ తమ పాత కార్లు బయటికి తీసి, భార్యలను ఎక్కించుకుని రెండు మూడు రోజులు ఎటైనా తిరిగి వచ్చేవారు. మాది తెనాలి. మావారు ప్రసాద్ దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో లెక్కల లెక్చరరు. మా మామగారు పోయాక ఆయన ముచ్చటపడి వాడుకున్న చిన్న నీలం కారును మేం ఇక్కడికి తెచ్చుకున్నాం. ఆ కారుతోపాటు మేమూ ఆ గుంపులో కలిశాం.

కార్లు మగవాళ్ళవే అయినా యాత్ర సుగుణక్కది. బడిలో వాడే విజిల్ మెడలో వేసుకుని వచ్చేది. ఆమె పెట్టిన నియమాలు రెండే. మొదటిది, అన్నిటికన్నా నెమ్మదిగా పోయే బండి ముందు ఉండాలి. ‘‘ఉరికేటోడు ఎనకున్నా పరవాలేదు. నడవలేనోడు ఎనకవడితె వాని సంగతి ఎవ్వడు సూస్తడు?’’ అనేది. అలా మా చిన్న బండికి శాశ్వతంగా అగ్రస్థానం దక్కింది. మావారు దాన్ని గౌరవం అనుకోవాలో అవమానం అనుకోవాలో తెలియక మొదటి ఏడాదంతా మొహం ముడుచుకునే ఉన్నారు.

రెండోది ఇంకా విడ్డూరం. చాయ్ తాగడానికి ఆగిన ప్రతిచోటా విజిల్ ఊదేది. ఆడవాళ్ళందరూ దిగి, వేరే కారులో ఎక్కాలి. ఎందుకని అడిగాను. ‘‘మొగుడు పెండ్లాం ఒక్క బండిల ఊరు దాటితె సాలు, కొట్లాట షురూ. నువ్వే సూడు, పొద్దుగాల ఎక్కినప్పటికెల్లి మీ ఆయన నీతోని ఒక్క మాటన్న మంచిగ మాట్లాడిండా?’’ అంది. మాట్లాడలేదు, నిజమే. కిటికీ అద్దం సరిగా దించలేదని మాత్రం రెండుసార్లు కసిరారు. ఈ పద్ధతిని మగవాళ్ళు వ్యతిరేకిస్తారనుకున్నాను. కానీ వాళ్ళే ముందు అలవాటుపడ్డారు. ఎందుకంటే కట్టుకున్న భార్య ఆ కారును ‘‘డొక్కు’’ అంటుంది. పక్కింటావిడ ఎక్కితే ‘‘సీట్లు ఎంత మెత్తగా ఉన్నాయండీ’’ అంటుంది. పొగడ్తకు పొంగని మగాణ్ణి నేనింతవరకు చూడలేదు. మాకేమో ఆ మార్పిళ్ళ వల్ల ఒకరి కష్టాలు ఒకరికి తెలిశాయి. మొదటి ఏడాది వరంగల్ వెళ్ళి వచ్చేసరికి నాకు ఈ ఊళ్ళో చుట్టాలు ఏర్పడ్డారు.

నాకు డ్రైవింగ్ నేర్పింది కూడా ఆమే. కర్మన్‌ఘాట్ వెనక అప్పుడింకా ఖాళీ ప్లాట్లు ఉండేవి. సెలవు రోజుల్లో మధ్యాహ్నం అక్కడికి తీసుకెళ్ళేది. మావారు ససేమిరా అన్నారు. నాన్నగారి కారు, ఏమైనా అయితే విడిభాగాలు దొరకవు, కావాలంటే పక్కన కూర్చుని చూసి నేర్చుకోమన్నారు. ‘‘లెక్కల సారూ, నువ్వు బోర్డు కాడ నిలవడి ఎంత మంచిగ జెప్పినా, పిల్లగాండ్లు చేతులతోని చెయ్యకుంటె లెక్కస్తదా?’’ అని అడిగింది సుగుణక్క. ఆయన తాళం తీసి ఇచ్చారు. నేను స్టీరింగ్‌ను చచ్చేట్టు పట్టుకుంటే, ‘‘గంత గట్టిగెందుకు పిల్లా, అదేం పారిపోదు’’ అనేది. వెనక ఎవడైనా హారన్ కొడితే నేను వెనక్కి తిరిగి చూసేదాన్ని. ‘‘తొందర వానిది, పరేషాన్ గూడ వానిదే. నువ్వు ముందటికి సూడు’’ అనేది. ఆమెను దేవతని చేయను. నోరు మంచిది కాదు. నేను వండిన గోంగూరను నలుగురిలో పెట్టి ‘‘గిది కూరనా, పండ్లు తోముకునే పేస్టా?’’ అన్న మనిషి. ఆ రోజు ఏడుపొచ్చింది కూడా. కానీ అప్పటిదాకా ఎక్కమన్నప్పుడు ఎక్కి దిగమన్నప్పుడు దిగుతూ మూటలా బతికిన నన్ను, చేతికి తాళం ఇచ్చి నడపమన్నది ఆమె ఒక్కతే.

తర్వాత తెలంగాణ ఉద్యమం రోజులొచ్చాయి. రోజూ ఎక్కడో ఒకచోట ర్యాలీ, బంద్. కోచింగ్ సెంటర్లు ఒకరోజు తెరిస్తే రెండ్రోజులు మూసేవారు. యాదగిరి బావగారి అంబాసిడర్ నంబరు ప్లేటు మీద ఏపీ పోయి టీజీ వచ్చింది. ఆ అక్షరాలు రాసింది సుగుణక్కే. మా కారుకు మామగారు రాయించిన పాత ఏపీ నంబరు అలాగే ఉంది. ఆ చలికాలం నాగార్జునసాగర్ వెళ్దామని మాట్లాడుకోవడానికి అందరం వాళ్ళింట్లో కూర్చున్నాం. సాగర్ మాట ఎటో పోయి రాష్ట్రం మాట వచ్చింది. మావారికి నోరు ఊరుకోలేదు. ‘‘మేమంతా సర్దుకుని వెళ్ళిపోతే ఇక్కడేం మిగులుతుందండీ? మేం వచ్చాకేగా ఈ ఏరియా ఈ మాత్రం బాగుపడింది!’’ అన్నారు.

సుగుణక్క చేతిలో చాయ్ గ్లాసు కింద పెట్టింది. ‘‘మీరు రాకముందు మేము చెట్ల మీద ఉన్నమా ప్రసాదూ? నువ్వు బస్సు దిగినప్పుడు నీకు కిరాయికి ఇల్లిచ్చినోడు యాడికెల్లి ఒచ్చిండు? మాకు తాతలు లేరా? మాకు ఊరు లేదా?’’ అంది. ఆ గొంతు అంతకుముందు నేనెప్పుడూ వినలేదు. కోపం కంటే దెబ్బ తిన్న బాధే ఎక్కువగా వినిపించింది. మావారు లేచి బయటికి నడిచారు. ఆయన వెనకే నేనూ వచ్చేశాను.

ఆ వారమే ఆయన విజయవాడలో ఉన్న తమ్ముడికి ఫోన్ చేసి ఇల్లు చూడమన్నారు. అక్కడి కాలేజీల్లో ఉద్యోగం సంగతి వాకబు చేశారు. కారు అమ్మేద్దామన్నారు. మా బంధువులందరూ అదే మంచిదన్నారు. నాకు వెళ్ళాలని లేదు. పెళ్ళయి వచ్చింది మొదలు నేను బతకడం నేర్చుకున్నది ఈ రోడ్ల మీదే. కానీ ఉండండి అని ఇక్కడివాళ్ళు ఎవరూ అనలేదు. ఉండాలని ఉందని నేను నోరు తెరిచి చెప్పలేదు.

ఒక ఉదయం సుగుణక్క మా ఇంటికొచ్చింది. కూర్చోమనకముందే కూర్చుంది. ‘‘ప్రసాదూ, నువ్వన్నది తప్పే. నేనేం మాఫ్ చెయ్యలే. కానీ ఐతారం బండి తియ్యాలె’’ అంది.

‘‘అన్ని మాటలు అనుకున్నాక ఎలా వస్తామక్కా?’’ అన్నారు మావారు.

‘‘నువ్వు రాకుంటె ముందటెవ్వరుంటరు? తలా ఒక దిక్కు దౌడు తీస్తరు. కొట్లాట కొట్లాటనే, యాత్ర యాత్రనే’’ అని, నేనిచ్చిన కాఫీ తాగి, చేదుగా ఉందని చెప్పి వెళ్ళిపోయింది. ఇదే ఆఖరుసారి అనుకుని ఆయన ఒప్పుకున్నారు.

ఆదివారం పొద్దున్నే బయలుదేరి, తుర్కయంజాల్ దాటి, ఇబ్రహీంపట్నంలో చాయ్‌కి ఆగాం. విజిల్ మోగింది. సుగుణక్క మావారిని యాదగిరి బావగారి అంబాసిడర్‌లోకి పంపి, తాను మా కారెక్కి, నన్ను స్టీరింగ్ ముందు కూర్చోమంది. ఇంకొంత దూరం వెళ్ళేసరికి ఎదురుగా రోడ్డుకు అడ్డంగా ట్రాక్టర్లు, జెండాలు. నడిరోడ్డు మీద రాళ్ళపొయ్యిలు, వాటి మీద అన్నం, పప్పు ఉడుకుతున్న పెద్ద పెద్ద గంజులు. వంటావార్పు. రోడ్డు మీదే వండుకుని, రోడ్డు మీదే బంతులు తీరి తిని, రాకపోకలు ఆపేయడం అప్పుడు ఉద్యమంలో ఒక పద్ధతి. వరుసలో అందరికన్నా ముందు ఏపీ నంబరుతో నా కారు. నాలుగైదుగురు యువకులు దగ్గరికి వస్తున్నారు. నేను బ్రేకు తొక్కి బండి ఆపాను.

వెనక కార్లలోంచి మా గుంపులో ఒకాయన పరుగెత్తుకొచ్చాడు. ‘‘అక్కా, గీ బండిని ఎనకకు తీపియ్యి. అంబాసిడర్ ముందటికి తెస్త, టీజీ రాసుంది గద, ఇడిచిపెడ్తరు’’ అన్నాడు.

‘‘ఎందుకు ఇడిచిపెట్టాలె? నేను ఈ రాస్తారోకో దాటిపోతనా? నా తెలంగాణ కోసం కూసున్నోల్లను తొక్కుకుంట సాగర్ వోవుడేంది? అందరు బండ్లు బంద్ చెయ్యుండ్రి. నెమ్మది బండి ఏడుందో ఆడనే ఉంటది’’ అంది సుగుణక్క. దిగి, ఆ యువకుల ముందుకు వెళ్ళి, ‘‘జై తెలంగాణ. వంటల ఏం తక్కువవడ్డది?’’ అని అడిగింది. ఉప్పు, ఉల్లిగడ్డ తక్కువన్నారు. మా టిఫిన్ డబ్బాలు, దారిలో వండుకోవడానికి తెచ్చుకున్న ఉప్పు, ఉల్లిగడ్డల సంచి అన్నీ దింపించింది. కాసేపటికి మా ఆడవాళ్ళం రోడ్డు మీద కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తున్నాం.

భోజనాల బంతిలో నేను ఆమె పక్కనే కూర్చున్నాను. బయటికెళ్తే నోరు విప్పొద్దని, యాస పట్టేస్తారని మా పిన్ని పదేపదే చెప్పింది. పప్పు వడ్డిస్తున్న అబ్బాయి నా ముందు ఆగి, ‘‘ముందటి బండి మీదేనా? ఏ ఊరు మీది?’’ అన్నాడు. నేను సుగుణక్క వైపు చూశాను. ఆమె తలెత్తలేదు, అన్నం కలుపుకుంటోంది. నా బదులు జవాబు చెప్పదని అర్థమైంది.

‘‘తెనాలండి’’ అన్నాను.

‘‘అయితె మీకు తెలంగాణ వద్దన్నట్టు’’ అన్నాడు అతను.

‘‘నాకు అదంతా తెలియదండి. మా ఇల్లు దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంది. రేపు మమ్మల్ని పంపేస్తారేమోనని భయంగా ఉంది. నాకు వెళ్ళాలని లేదు’’ అన్నాను. మావారి ముందు కూడా ఏనాడూ అనని మాట అది. ఎదుటి బంతిలో ఆయన చేతిలో ముద్ద అలాగే ఆగింది.

అప్పుడు సుగుణక్క తల పైకెత్తింది. ‘‘ఇగో బిడ్డా, నాకు తెలంగాణ గావాలె. ఈ పిల్ల గూడ గావాలె. రెండిట్ల ఏదో ఒక్కటే తీసుకోమంటె మాత్రం, మీ అసొంటోల్లతోని గూడ కొట్లాడ్త’’ అంది. ఆ అబ్బాయి వంగి నా విస్తట్లో ఇంకో గరిటె పప్పు వేశాడు. ‘‘తినుండ్రి మేడం, సల్లారితె బాగుండదు’’ అన్నాడు.

తిన్నాక మావారు ఆమె దగ్గరికి వచ్చి, ‘‘అక్కా, ఆ రోజు నేనన్న మాట...’’ అని నీళ్ళు నమిలారు. ‘‘ఆ మాట నేనింక మర్వలే. నువ్వు గూడ మర్వకు. ఇంటికి వొయినంక మల్ల కొట్లాడుదం. ఇప్పుడైతె గంజు పట్టు, తోమాలె’’ అంది. లెక్కల లెక్చరరు చొక్కా చేతులు మడిచి మసి గంజు తోమడం అప్పుడు మొదటిసారి చూశాను. ఆ రోజు సాగర్ చేరలేదు. చీకటి పడకముందే ఇళ్ళకు తిరిగొచ్చాం. విజయవాడ ఇంటి సంగతి ఆయన ఆ తర్వాత ఎత్తలేదు, కానీ మానేశానని కూడా చెప్పలేదు.

రాష్ట్రం వచ్చిన రోజు దిల్‌సుఖ్‌నగర్ అంతా గులాబీ రంగు గులాల్, డప్పులు, టపాకాయలు. తలుపులు వేసుకుని ఉందామన్నారు మావారు. నేను చెప్పులు వేసుకుని బయలుదేరాను. ఒక నిమిషం ఆగి ఆయనా తాళం వేసి నా వెనకే వచ్చారు. సుగుణక్క వాళ్ళ ఇంటి ముందు గుంపు మధ్యలో ఉంది. జుట్టు నిండా గులాల్, కళ్ళ నిండా నీళ్ళు. ఆమె అంత ఆనందపడటం చూస్తే నాకూ బాగానే ఉంది, కానీ లోపల ఏదో పోగొట్టుకున్నట్టూ ఉంది. ఏ మొహం పెట్టుకుని ఆమె ఎదుట నిలబడాలో తెలియక పెదవుల మీదికి బలవంతాన ఒక నవ్వు తెచ్చుకున్నాను. ఆమె చూడగానే కనిపెట్టింది. గుంపులోంచి వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

‘‘నీకు ఖుషీ లేకుంటె నవ్వకు పిల్లా. నా పక్కన నిలవడు, సాలు’’ అంది.

నేను నవ్వడం మానేశాను. ఆమె పక్కన నిలబడి తనివితీరా ఏడ్చాను. ఆమె సంతోషానికి ఏడుస్తోంది, నేను నా దుఃఖానికి ఏడుస్తున్నాను. ఇద్దరం ఒకరి చెయ్యి ఒకరం వదల్లేదు. ఆమె చనిపోయి ఇప్పటికి కొన్నేళ్ళయింది. ఒకరి సంబరం నాది కానప్పుడు, నా బాధ వాళ్ళది కానప్పుడు కూడా పక్కన నిలబడవచ్చని ఆమె దగ్గరే నేర్చుకున్నాను. ఎవరైనా మీది ఏ ఊరు అని అడిగితే తెనాలి అంటాను, ఉండేది ఎక్కడంటే ఇక్కడే అంటాను. ఆ రెండు మాటలూ ఇప్పుడు భయం లేకుండా చెబుతాను.