దుమ్ముగూడెం లాకు రాళ్లు

మా అమ్మ కోపం నాకు కొత్త కాదు. మిషన్ ఆసుపత్రిలో నర్సుగా బతుకంతా గడిపి, తాగొచ్చి వార్డులో అరిచే మగవాళ్లను గేటు దాకా నెట్టుకెళ్లిన మనిషి ఆమె. కానీ ఆ ఎండాకాలం వచ్చిన కోపం వేరు. అది నాకూ అంటుకుంది, ఇప్పటికీ చల్లారలేదు.

రెండు వేల దశకం మొదట్లో ఆమె రిటైరైంది. మేముండే వైరా నుంచి ఇద్దరం దుమ్ముగూడెం వెళ్లాం. గోదావరిలో బండలు అడ్డమని తెల్లదొరలు పక్కన కాలువ తవ్వించి లాకు కట్టించారు. పడవ లోపలికి రాగానే తలుపులు మూసి నీళ్లు నింపితే, నీళ్లతో పాటు పడవ పైకి లేచేది. ఆ తలుపులు తిప్పిన లస్కరు అమ్మకు తాత. ఆమె పుట్టేనాటికే కాలువ మూతపడింది. వినడమే తప్ప ఎన్నడూ చూడలేదు.

ముళ్లకంపలు తప్పించుకుంటూ దిగాం. రెండు వైపులా చెక్కిన రాతిగోడలు, వాటి మధ్య బురద, తుంగ. తలుపు తిరిగిన చోట రాయి గుండ్రంగా అరిగి నున్నగా ఉంది. అమ్మ అందులో అరచెయ్యి పెట్టింది. అప్పుడే గోడ చివర గడ్డపార చప్పుడైంది. కూలీలు రాళ్లు పెకలించి ట్రాక్టరులో వేస్తున్నారు.

“ఏందయ్యా గిది?” అని అరిచింది అమ్మ.

కాంట్రాక్టరు మనిషి నింపాదిగా వచ్చాడు. “రోడ్డు పనికమ్మా. పాడువడ్డయే గదా.”

“పర్మిషన్ ఎవలిచ్చిన్రు?”

“అడిగేటోడుంటే గదా ఇచ్చేటందుకు? అంత ప్రేమ, పావురముంటే ఒకటి ఆటోల ఏపిస్త, తీస్కపో.”

నాకు ఒళ్లు మండింది. ఏమన్నానో గుర్తులేదు, గొంతు మాత్రం బొంగురుపోయింది. ఆ అరుపులకు, తునికాకు కోసుకొస్తున్న పక్క గూడెం ఆడవాళ్లు ఆగారు. వాళ్లలో ముసలామెను చూసి అమ్మ, “చూడవ్వా, మా తాత పనిచేసిన జాగ, ఎట్ల కూలగొడుతున్రో” అంది.

ముసలామె కోపం అమ్మ మీదికే తిరిగింది. “నీ తాత తలుపు తిప్పిండు. మరి రాళ్లు మోసిందెవలు? మా తాతలు. కొట్టి మోపిచ్చిన్రంట, కూలి లేదు. ఈడేమో ఎత్కపోతుండు, నువ్వేమో మా తాత జాగంటవ్. మా ఊసు ఎవలన్న ఎత్తిన్రా?”

అమ్మ ఆమె దగ్గరికి నడిచి, “నిజమే అవ్వా. ఇప్పుడేం జేద్దాం?” అంది.

“దించుదాం.”

ఆకు మోపులు కింద పెట్టి ఆడవాళ్లు ట్రాక్టరెక్కారు. అమ్మ చీర దోపుకుని వాళ్ల వెనకే ఎక్కింది. కూలీలు అడ్డం రాలేదు. కాంట్రాక్టరు మనిషి సెల్‌ఫోను పైకెత్తి సిగ్నలు కోసం అటూ ఇటూ తిరిగి, చివరికి బూతులు తిడుతూ బండెక్కి పోయాడు. ఆ రోజు మళ్లీ ఎవరూ రాలేదు.

మర్నాడు భద్రాచలంలో ఇరిగేషన్ ఆఫీసుకు వెళ్లి ఫిర్యాదు చేశాం. “చెట్లు మొలిచిన గోడకు ఇంత గొడవెందుకు మేడం?” అన్నాడు అధికారి, ఫ్యాను కింద కూర్చుని.

వానలు వెలిశాక ఒక్కదాన్నే వెళ్లి చూశాను. ఒక వైపు గోడ పునాది దాకా లేదు. పెద్ద మెషీన్ తెచ్చి రాత్రికి రాత్రే లేపుకుపోయారట. మేం దించిన రాళ్లను మాత్రం ఆడవాళ్లు గూడేనికి దొర్లించుకెళ్లి, బోరింగు చుట్టూ బురద కాకుండా పరుచుకున్నారు. ముసలామె నన్ను గుర్తుపట్టింది.

“సర్కారు రాళ్లు దొంగతనం చేసిన్రు, కేసు రాస్తమని ఆఫీసోళ్లు వచ్చి బెదిరిచ్చిన్రు బిడ్డా. మమ్ముల.”

ఇంటికొచ్చి చెప్పాను. అన్నం తింటున్న అమ్మ కంచంలోనే చెయ్యి కడిగేసుకుంది. తెల్లారి మొదటి బస్సుకే బయల్దేరింది. గూడెం ఆడవాళ్లందరినీ వెంటబెట్టుకుని అదే ఆఫీసు వరండాలో సాయంత్రం దాకా నిలబడింది. “ముందు గోడ మింగినోని మీద రాయుండ్రి, తర్వాత వీళ్ల మీద” అని వచ్చిన ప్రతివాడితోనూ అదే మాట.

కేసు ఎవరి మీదా రాయలేదు. రాళ్లు బోరింగు దగ్గరే ఉండిపోయాయి. గోడ మింగిన కాంట్రాక్టరు మాత్రం ఆ రోడ్డు మీదే కొత్త జీపులో తిరుగుతుండేవాడు. ఆ తర్వాత మేం గూడేనికి వెళ్లినప్పుడల్లా ఆ జీపు ఎదురైతే అమ్మ బస్సు కిటికీలోంచి తల బయటపెట్టి, అందరికీ వినపడేలా తిట్టేది. నేను ఆపేదాన్ని కాదు.