వా రుమియా బట్టీలో మంట

ఇండోనేషియాలోని బురు దీవిలో కడుపు ఉబ్బరించినా, జలుబు చేసినా, పడవలో కళ్లు తిరిగినా ముందు వెతికేది కాయుపుతి చెట్టు ఆకు నుంచి తీసే నూనె సీసానే. పసిపిల్లలకైతే స్నానమయ్యాక కొబ్బరినూనెలో రెండు చుక్కలు కలిపి పొట్టకు రాస్తారు.

వా రుమియా భర్త పోయాక పిల్లల్ని పెంచింది ఈ నూనే. ఏళ్ల తరబడి ఇతరుల బట్టీల్లో ఆకు ఉడికించి, ఈ ఏడే సొంత బట్టీ పెట్టుకుంది. మొదటి దింపు కోసం ఊరి ఆడవాళ్లు కొండెక్కి గంపలకొద్దీ ఆకు దూసి తెచ్చారు. నూనె దిగకపోతే వాళ్లందరి కష్టం నీళ్లపాలే.

ఈ బట్టీలకు కట్టెలు కొనరు. నూనె తీసేసిన పాత ఆకునే ఎండబెట్టి పొయ్యిలో వేస్తారు. ఆకు ఉడికే పీపా గొట్టంలోంచి మొదటి నూనె చుక్కలు రాలుతుండగా వాన విరుచుకుపడింది. పాక కప్పు కారి, ఎండుటాకు కుప్ప ముద్దయింది. మంట తగ్గిపోయింది. ఇప్పుడు ఆవిరి ఆగితే పీపాలో ఆకంతా పులిసిపోతుంది.

"పొగే గానీ మంట లేదేమే?" పక్కింటి ముసలమ్మ వా సానుఆ తొంగిచూసింది.

"ఆకు తడిసిపోయింది పెద్దమ్మా. అంతా పోయింది!"

"ఏడుపు తర్వాత. ముందు పొయ్యి ఊదు!"

సానుఆ వెళ్లి, ఎండిన సగ్గు చెట్టు మట్టల తడిక ఈడ్చుకొచ్చింది.

"అయ్యో, అది నీ వంటింటి గోడ కదా!"

"నా వంట సంగతి ఊరందరికీ తెలుసు. ఇంకా దాచేదేముంది? విరవవే!"

ఆమె వెనకే ఎవరో కొబ్బరి మట్టలు తెచ్చారు, ఎవరో విరిగిన తెడ్డు తెచ్చారు. అవతలి బట్టీ యజమాని లా జుఫ్రి టార్పాలిన్ కింద బస్తాడు ఎండుటాకు మోసుకొచ్చాడు.

"నీ నూనె నా నూనెకంటే మేలని ఎవడన్నా అన్నాడో, ఈ ఆకు వెనక్కి పట్టుకుపోతా!"

"నిప్పులోంచి ఏరుకుని పో అన్నా!" అంది రుమియా. ఏడుస్తూనే నవ్వింది.

మంట లేచింది. కాసేపటికి లేత ఆకుపచ్చ నూనె ధారకట్టింది. రుమియా సీసాలో పట్టి గట్టిగా ఊపింది. బుడగలు లేచీ లేవగానే మాయమయ్యాయి. అంటే స్వచ్ఛమైన నూనె.

రుమియా నేలమీద కూర్చుని, సానుఆ మోకాళ్లకు ఆ నూనె మర్దనా చేసింది.

"చాల్లేవే, నన్ను పెళ్లికూతుర్ని చేస్తావా ఏంటి!" అంది ముసలమ్మ, కాళ్లు మాత్రం ఇంకాస్త చాపుతూ.

మర్నాడు పొద్దున్నే రుమియా కత్తి పట్టుకుని సగ్గు చెట్ల వైపు నడిచింది. ముందు సానుఆ గోడ. ఆ తర్వాతే రెండో దింపు.