తాకేటా చర్చిలో జర్మన్ మాస్టారు

బర్మాలోని యాంగోన్‌లో నేను దిగిన లాడ్జిలోనే ఒక జర్మన్ పెద్దాయన ఉండేవారు. మొదటినుంచి చివరిదాకా పాటలతోనే నడిచే ఒపేరా నాటకాలు రెండు రాశారు. తన దేశంలో ఎన్నో ఏళ్లు గాయకులనూ వాద్యబృందాలనూ చేతి సైగలతో నడిపించారు. కుడిచెయ్యి వణకడం మొదలయ్యాక ఆ పని మానేశారు.

ఒక ఆదివారం నాతోపాటు ఆ ఊళ్లోనే తాకేటా పేటలో ఉన్న తెలుగు చర్చికి వచ్చారు. ఆయనెవరో తెలియగానే పాటల బృందానికి పెద్ద అయిన సారమ్మగారు, “సయా, ఓ పాట మీరే నడిపించాల” అన్నారు. అక్కడ గురువుని సయా అంటారు. ఆయన వణికే చెయ్యి చూపించి, “దీన్ని చూస్తే అందరూ తాళం తప్పుతారు” అని ఇంగ్లీషులో అన్నారు. ఆ మాట నేను సారమ్మగారికి తెలుగులో చెప్పాను.

సారమ్మగారు నవ్వేశారు. “సెయ్యి ఎవులు సూత్తారు బాబూ? సాయంత్రం ప్రాక్టీసు మొదలెట్టగానే కరెంటు పోతాది. సీకట్లో సెయ్యేటి కనిపిస్తాది? ముందు నిలబడ్డోలు ఊపిరి పీల్చిన సప్పుడు ఇని పాట ఎత్తుకుంటాం. సయాకి ఊపిరాడతంది కదా?”

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. చివరి మాటతో సహా నేను అనువదించాను. ఆయనా నవ్వారు. ఆపైన లేచి బృందం ముందు నిలబడి, రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని, గట్టిగా ఊపిరి పీల్చారు.

అందరూ ఒక్కసారిగా పాట ఎత్తుకున్నారు.